ఆదివారం తొమ్మిది యూనిట్లు

నవంబరు 3, సోమవారం

పద్మ టీచర్ రెండు నోటు పుస్తకాలు ఇచ్చారు. ఒకటి మీటరు రీడింగులకు. "దాంట్లో అంకెలు తప్ప ఇంకేమీ రాయగూడదు ఝాన్సీ. నీ కథలన్నీ ఎక్కించినావంటే చింపేస్తా" అన్నారు. అంకెలతో సరిపెట్టుకుని నోరు మూసుకోవడం నా వల్ల అయ్యే పనేనా? అందుకే రెండో పుస్తకం నా సొంతానికి ఉంచుకున్నాను. దీన్ని ఎవరు తెరిచినా వాళ్ళ కళ్ళు పోతాయి. వీరేష్, నీకే చెప్తున్నా.

మా హైస్కూల్లో ఎనర్జీ క్లబ్బు పెట్టారు. రోజూ ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగున్నరకు మీటరు చూసి రాయాలి. కరెంటు ఎక్కడెక్కడ దండగ అవుతోందో కనిపెట్టి తగ్గించాలి. డిసెంబరులో ధర్మవరంలో పోటీ ఉంది. ఎక్కువ తగ్గించిన స్కూలుకు ప్రైజు. తొమ్మిదో తరగతి తరఫున నేను లీడరు, వీరేష్ నాకు తోడు. నా పేరు చదవగానే మా కాలనీ పిల్లలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం ఇంటికి వస్తూ ఉంటే నేను దగ్గరికి రాగానే మాటలు ఆపేశారు. కుళ్ళు. ఇంకేముంటుంది.

నవంబరు 4, మంగళవారం

పరువు పోయింది. నిన్నటి రీడింగు 18,640. ఇవాళ్టిది 17,215. క్లాసంతా ఒకటే నవ్వు.

"మన స్కూలు కరెంటు తయారు చేస్తాందప్పా. ఇంగ పెనుకొండకంతా మనమే సప్లయి" అన్నాడు వీరేష్, తనకేమీ సంబంధం లేనట్టు. మీటరు చూసి చదివింది వాడే. నేను రాశానంతే.

మా మీటరు ఒక అంకె చూపించి ఊరుకునే రకం కాదట. తేదీ, టైము, ఇంకేవేవో అంకెలు ఒకదాని వెనుక ఒకటి చూపిస్తూ పోతుంది. పక్కన చిన్న అక్షరాల్లో కేడబ్ల్యూహెచ్ అని పడినప్పుడు కనిపించేదే మనకు కావాల్సిన అంకె. మేము నిన్న ఒకటి, ఇవాళ మరొకటి రాశాము. "ఒక చుట్టు పూర్తిగా చూసి రాస్తే మీ సొమ్మేం పోతాదమ్మా" అన్నారు టీచర్. సరే, ఇకమీదట రెండు చుట్లు చూస్తాను. నా అంకె తప్పని ఇంకెవరి చేతా అనిపించుకోను.

నవంబరు 7, శుక్రవారం

అన్నాలు తినే టైములో గదులన్నీ తిరిగాం. పదకొండు గదుల్లో ఇరవై రెండు ఫ్యాన్లు. గదుల్లో మనిషి లేడు, ఫ్యాన్లు మాత్రం గిరగిరా తిరుగుతున్నాయి. రెండు గదుల్లో ఆ పెద్ద డిజిటల్ బోర్డులు తెర నల్లగా పెట్టుకుని లోపల కరెంటు తాగుతున్నాయి. అన్నీ ఆపేశాం. ఆ ఊపులో స్టాఫ్ రూము ఫ్యాను కూడా ఆపేశాను.

"ఎవురబ్బా ఫ్యాను ఆపింది?" హిందీ సారు కుర్చీలోంచి లేచారు.

"ఎనర్జీ క్లబ్ సార్."

"నేను ఈడ ఉండా కదమ్మే!"

"కండ్లు మూసుకోని ఉంటిరి సార్. గదిలో ఎవురూ లేరనుకుంటి."

వెనక్కి చూస్తే వీరేష్ లేడు. వాడు అప్పటికే గ్రౌండు దాటేశాడు. నాలుగు చీవాట్లు నేనే తిన్నాను. తింటే తిన్నాను గాని, బుధవారం ఇరవై నాలుగు యూనిట్లు ఉన్నది ఇవాళ పంతొమ్మిదికి దిగింది.

నవంబరు 10, సోమవారం

ఇవాళ ఒంట్లో రక్తం మరిగిపోతోంది.

శనివారం సాయంత్రం రీడింగు రాసి, అన్ని స్విచ్చులూ ఆపి, బోర్డుల ప్లగ్గులు కూడా పీకి వెళ్ళాం. ఈ ఉదయం చూస్తే తొమ్మిది యూనిట్లు పెరిగింది. రెండు చుట్లు చూశాను. మూడు చుట్లు చూశాను. తొమ్మిదే. నిన్న ఆదివారం. గేటుకు తాళం. తాళం వేసి ఉన్న స్కూల్లో కరెంటు ఎవరు వాడారు? వారమంతా మేము ఫ్యాన్ల వెనుక పరుగులు పెట్టి మిగిల్చింది ఎవడో ఒక్క పూటలో ఊదేశాడు.

"దయ్యమేమో" అన్నాడు వీరేష్.

దయ్యానికి ఫ్యాను ఎందుకు? వరండాలో ఉన్న నోటీసు బోర్డు మీద ఎర్ర సుద్దముక్కతో రాశాను: "ఆదివారం దొంగ - 9 యూనిట్లు. పట్టుకుని తీరుతాం." కింద రెండు గీతలు.

మా స్కూలు ఆయా యల్లక్క వరండా ఊడుస్తూ ఆగింది. గేటు తాళం, గదుల తాళాలు అన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. పొద్దున తెరిచేదీ సాయంత్రం మూసేదీ ఆమే. చదువు రాదు.

"ఏందో ఎర్రగా రాసినావే మేయ్?"

చదివి వినిపించాను. గొంతు పెంచి మరీ చదివాను. యల్లక్క చీపురు తీసుకుని అటువైపు వెళ్ళిపోయింది. సగం వరండా ఊడవకుండానే వదిలేసింది. పంటి నొప్పి ఉన్నట్టుంది, పాపం.

నవంబరు 14, శుక్రవారం

పదహారు యూనిట్లు! హెడ్మాస్టరు గోవిందరాజులు సార్ బాలల దినోత్సవం మైకులో నా పేరు చెప్పారు. అమ్మ హిందూపురం దగ్గర గార్మెంట్సు కంపెనీలో ఉంది ఆ టైముకు. వినలేదు.

నవంబరు 17, సోమవారం

మళ్ళీ తొమ్మిది. కొంచెం ఎక్కువే, తొమ్మిది పాయింటు మూడు. మళ్ళీ బోర్డు మీద రాశాను, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో. గోవిందరాజులు సార్ దాని ముందు ఆగి చదివారు.

"స్కూల్లో దొంగ ఏందమ్మా? ఇది పైవాళ్ళ కంట్లో పడితే నా గతేంది?"

"అంకె నిజం సార్. మూడు చుట్లు చూసినా."

"సరే. నేను విచారిస్తా" అన్నారు. విచారించాల్సిందే.

ఇంట్లో అవ్వకు చెప్పాను. మా అవ్వ హనుమంతమ్మ. చర్చిలో ఆ పేరు పలికినప్పుడల్లా పాస్టరుగారు కొంచెం దగ్గుతారు. ఇవాళ అవ్వే దగ్గింది.

"పోనీలే పాపా. తొమ్మిదే కదా."

"తొమ్మిదేనా? తొమ్మిది యూనిట్లంటే ఏమనుకుంటాండావు అవ్వా?"

"నాకేం తెలుసు. ఆదివారం దేవుని దినం. చర్చికి పోయి ప్రార్థన చేసుకో. ఆ పొద్దు గూడా లెక్కలేందికి?"

తను మాత్రం రెండు నెలలుగా చర్చికి రావడం లేదు. మోకాళ్ళ నొప్పులట. అమ్మా నేనూ మొదటి బస్సుకు పెనుకొండ వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికి తిరిగి వస్తాం. మేము వచ్చేసరికి అవ్వ పడుకుని మూలుగుతూ ఉంటుంది.

నవంబరు 22, శనివారం

రేపు నాకు కడుపు నొప్పి వస్తుంది. అమ్మ ఒక్కతే చర్చికి వెళ్తుంది. వీరేష్ ఏడింటికి స్కూలు వెనుక మరుగుదొడ్ల గోడ దగ్గరికి వస్తానన్నాడు. దొంగ ఎవడైనా సరే, ఎంత పెద్దవాడైనా సరే, పేరుతో సహా బోర్డు మీద రాస్తాను.

నవంబరు 23, ఆదివారం

చూశాను. రాయను.

నవంబరు 24, సోమవారం

రాయకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

నిన్న ఏడింటికి గోడ వెనుక నక్కాం. స్కూలు బోరు మోటారు నడుస్తున్న శబ్దం. మోటారు గది దగ్గర నుంచి ఒక నల్ల పైపు కాంపౌండు గోడ కన్నంలోంచి బయటికి పోయింది. గోడకు అవతల బిందెలు. ప్లాస్టిక్కువి, స్టీలువి, పెయింటు డబ్బాలు, అన్నీ వరసగా. మా కాలనీ ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. తోపులాట లేదు, అరుపులు లేవు. ఇంటికి పది బిందెలు. చంటిపిల్లలున్న ఇండ్లకు ముందు, తర్వాత ముసలివాళ్ళ ఇండ్లకు, తర్వాత మిగతా ఇండ్లకు. యల్లక్క పైపు పట్టుకుని నిలబడి పేరు పేరునా పిలుస్తోంది. రెండో వరసలో మా అవ్వ ఉంది. మోకాళ్ళ నొప్పుల మనిషి. నెత్తిన ఒక బిందె, చంకలో ఒక బిందె, నడక మాత్రం నాకంటే చురుకు.

అవ్వ నన్ను చూసింది. ఉలిక్కిపడలేదు.

"వచ్చినావా? ఈ బిందె అందుకో. ఇంగా ఆరు ఉండాయి" అంది.

నేను అందుకోలేదు. ఇంటికి పరుగెత్తాను.

తర్వాత అవ్వే వచ్చి చెప్పింది. దసరాకు ముందు రోడ్డు తవ్వినప్పుడు కాలనీకి వచ్చే నీళ్ళ పైపు తెగింది. పంచాయతీవాళ్ళు ఎస్టిమేటు పంపాం అన్నారు. రెండు వారాలు ట్యాంకరు పంపి ఆపేశారు. వంక దగ్గర చేతిపంపు ఉంది గాని అవి ఉప్పు నీళ్ళు, గిన్నెలు కడుక్కోవడానికి తప్ప గొంతు దిగవు. అప్పుడు యల్లక్క గేటు తీసింది. ఆదివారం మూడు గంటలు మోటారు వేస్తే అరవై ఇండ్లకు వారానికి సరిపడా తాగే నీళ్ళు. అమ్మకు తెలుసు. నాకే ట్యాంకరు నీళ్ళని చెప్పారు. మా ఇంట్లో నీళ్ళ పని అవ్వది, చదువు పని నాది. బిందెలో నీళ్ళు ఎక్కడివని నేను ఏనాడూ అడగలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పుస్తకంలో ఎక్కిస్తావని. నువ్వు లీడరైనావని తెలిసినప్పటి నుంచి కాలనీలో పిల్లోల్లకంతా చెప్పి పెట్నాము, నీ ముందర నోరు మెదపొద్దని."

ఇవాళ పొద్దున బోర్డు మీద ఏమీ రాయకూడదనే వెళ్ళాను. కానీ గోవిందరాజులు సార్ నాకంటే ముందే మీటరు దగ్గర నిలబడి ఉన్నారు. రిజిస్టరు అడిగి శనివారం అంకె చూసుకున్నారు. తొమ్మిది పాయింటు నాలుగు. యల్లక్కను పిలిచారు.

"తాళాలు నీ చేతిలోనే కదా ఉండేది. ఎవరమ్మా మోటారు వేస్తాండేది?"

"నేనే సార్. కాలనీకి నీళ్ళు పట్టిస్తాండా" అంది యల్లక్క. ఒక్క మాట కూడా దాచలేదు.

"ఎవర్ని అడిగి?"

"దప్పికకు ఎవర్ని అడగాల సార్?"

సార్ చెడ్డవాడని అనను. ఎవరైనా అర్జీ రాస్తే, ఆడిట్లో అడిగితే, తన ఉద్యోగం ఏమవుతుందని ఒకటే మాట. మోటారు డబ్బాకు కొత్త తాళం వేయించారు. యల్లక్కను రేపటి నుంచి రావొద్దన్నారు. యల్లక్క తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, నా వైపు ఒక్కసారి చూసి వెళ్ళింది. నేను రిజిస్టరు గుండెకు హత్తుకుని అక్కడే నిలబడ్డాను. నోరు ఒకటి ఉంది కదా నాకు, ఊరంతా తెలిసిన నోరు. అది పెగల్లేదు.

నేను అంకెలు మాత్రమే రాశాను.

నవంబరు 25, మంగళవారం

నేను అంకెలు మాత్రమే రాశాను. అంకె తప్పు కాదు కదా.

నవంబరు 27, గురువారం

ఆదివారం పట్టిన నీళ్ళు అయిపోవచ్చాయి. మళ్ళీ ఆదివారం ఉండదని అందరికీ తెలుసు. నరసప్ప తోటలో బోరు ఉంది, కిలోమీటరు పైన. తోటకు కరెంటు ఇచ్చే టైములోనే నీళ్ళు. అవ్వ ఇవాళ రెండుసార్లు వెళ్ళి వచ్చింది. ఇప్పుడు మోకాళ్ళు నిజంగానే వాచాయి.

అమ్మ కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి కుండలో చెంబెడు నీళ్ళు ఉన్నాయి. నా వైపు చూసింది.

"దాహమైతే ఏం తాగుదామే? నీ రీడింగు పుస్తకం పిండుకోని తాగుదామా?"

"పైపు తెగ్గొట్టింది నేనా? తాళమేసింది నేనా?" అని అరిచాను. వీధిలోకి వినిపించేటట్టు అరిచాను. రోడ్డు తవ్వినవాళ్ళను తిట్టాను, పంచాయతీని తిట్టాను, సార్ను తిట్టాను, దేవుణ్ణి తిట్టబోయి ఆగాను. అందరూ విన్నారు.

కాలనీ పిల్లలు నన్ను మీటరమ్మ అంటున్నారు. అననీ.

నవంబరు 29, శనివారం

గోవిందరాజులు సార్ తన గదికి పిలిచారు. కూర్చోమన్నారు. కూర్చోమంటేనే అనుమానం వచ్చింది.

"డిసెంబరు అయిదున తల్లిదండ్రుల మీటింగులో క్లబ్బు రిపోర్టు నువ్వే చదవాల. తర్వాత ధర్మవరం పోటీకీ నువ్వే. కానీ ఈ రిజిస్టరు ఇట్లే పోతే ఆదివారం ఏమైందని అడుగుతారు. కొత్త పుస్తకంలో సాపుగా రాయి. ఆదివారాల కాడ సున్నా పెట్టు. ఆ యూనిట్లు మిగతా రోజుల్లో కొంచెం కొంచెం సర్దు."

"మరి యల్లక్క?"

"నువ్వు సాపు పుస్తకం తెస్తే అసలు ఏమీ జరగనట్లే కదా. అప్పుడు ఆమెను తిరిగి రమ్మంటా."

"మోటారు సార్?"

"అది మాత్రం అడగొద్దు తల్లీ."

వీరేష్‌కు చెప్పాను. "రాసెయ్ మే. ఆయమ్మకు పని దొరుకుతాది, నీకు ధర్మవరం దొరుకుతాది. నీళ్ళు పంచాయతీ చూసుకుంటాది" అన్నాడు. వాడి ఇంట్లో కొళాయి ఉంది.

కొత్త పుస్తకం తెచ్చుకున్నాను. నవంబరు 9 అని రాసి, పక్కన సున్నా పెట్టడానికి పెన్ను ఆనించాను. పది నిమిషాలు అలాగే ఉంది పెన్ను.

నవంబరు 30, ఆదివారం

ఇవాళ కూడా చర్చి ఎగ్గొట్టాను. యల్లక్క ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి కూడా చేతులు ఆపలేదు. సార్ చెప్పిందంతా చెప్పాను. సున్నా రాస్తే పని తిరిగి ఇస్తారని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"సున్నా అంటే ఏంది?"

"ఆదివారం కరెంటు కాలలేదని."

"అంటే నేను మోటారు ఎయ్యనట్లేనా?"

"అట్లే."

యల్లక్క చేటను పక్కన పెట్టింది.

"రెండు నెల్లు, ఆదివారం ఆదివారం, నా మనవరాలికి గంజి గూడా కాచకుండా వచ్చి గేటు తీస్తి. అది లేకుండా చేస్తావా నువ్వు? ఎర్రగా రాసినప్పుడు దొంగంటివి. ఇప్పుడు అసలు నేనే లేనంటావు. ఏంది మేయ్ నీ కథ?"

"నేను అంకెలు..." అని మొదలుపెట్టాను. మిగతా మాట రాలేదు. అంకెలు మాత్రమే రాశానా నేను? తొమ్మిది అనే అంకె ముందు దొంగ అని రాసింది ఎవరు? మీటరు రాసిందా? మీటరుకు ఆ మాట తెలుసా? నేనే రాశాను. ఎవరినీ అడగకుండా, ఎందుకని ఆలోచించకుండా, పెద్ద మొనగత్తెలా రెండు గీతలు గీసి మరీ రాశాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. తప్పయిందని చెప్పాను.

యల్లక్క నన్ను ఓదార్చలేదు. "నాకు కాదు చెప్పాల్సింది. ఊరందరి ముందర దొంగంటివి. నాతో చాటున తప్పంటే సరిపోతాదా?" అంది. మళ్ళీ చేట ఒళ్ళో పెట్టుకుంది.

సరిపోదు. నిజమే.

డిసెంబరు 2, మంగళవారం

కొత్త పుస్తకం వీరేష్ చెల్లెలికి బొమ్మలు వేసుకోవడానికి ఇచ్చేశాను.

పాత రిజిస్టరు ముందేసుకుని లెక్క వేశాను. మొదట్లో రోజుకు ఇరవై నాలుగు యూనిట్లు. ఇప్పుడు పదహారు. రోజుకు ఎనిమిది మిగులు. కాలనీకి వారం మొత్తానికి నీళ్ళంటే తొమ్మిది. అంటే ఒక్క రోజు మేము ఖాళీ గదుల్లో ఆపిన ఫ్యాన్లూ బోర్డులూ, ఇంకొంచెం, అరవై ఇండ్లకు వారం రోజుల నీళ్ళు. ఇన్నాళ్ళూ గదిలో మనిషి లేకుండా తిరిగిన ఫ్యానును ఎవరూ ఏమీ అనలేదు. మనుషులు తాగిన నీళ్ళకు తాళం పడింది. నాలుగుసార్లు లెక్క సరిచూశాను. ఎన్నిసార్లు చూసినా అంతే వచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

పద్మ టీచర్‌కు చూపించాను. ఆమె పెన్ను తీసుకుని ప్రతి వరసా మళ్ళీ కూడి చూశారు.

"నీ లెక్క కరెక్టే" అన్నారు.

"మీటింగులో ఇదే చదువుతా టీచర్."

"చదవమని నేను చెప్పలేనమ్మా. నాకూ ఉద్యోగం ఉండాది." కాగితం నా చేతికి తిరిగి ఇచ్చి, "చదవొద్దని మాత్రం చెప్పను" అన్నారు.

డిసెంబరు 4, గురువారం

"సాపు పుస్తకం అయిందా?" అని అడిగారు సార్. "రేపు వినిపిస్తా సార్" అన్నాను. అబద్ధం కాదు కదా.

కడుపు నొప్పి. ఈసారి నిజంగా.

డిసెంబరు 5, శుక్రవారం

గొంతు పోయింది, అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

గ్రౌండులో షామియానా వేశారు. అమ్మ సెలవు పెట్టి వచ్చింది. అవ్వ వచ్చింది. ఏడో తరగతి చదివే మనవరాలి తరఫున యల్లక్క వచ్చింది, చివరి వరసలో కూర్చుంది. తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ లక్ష్మన్న, ఊర్లో పెద్ద రైతు, స్టేజీ మీద సార్ పక్కన కూర్చున్నాడు. నా పేరు పిలిచారు. రిజిస్టరు తీసుకుని ఎక్కాను. పాత రిజిస్టరు అని సార్ అట్టను చూసి గుర్తుపట్టారు, కానీ అప్పటికే మైకు నా చేతిలో ఉంది.

ఇరవై నాలుగు నుంచి పదహారుకు ఎలా తగ్గించామో చదివాను. చప్పట్లు కొట్టారు. తర్వాత, "ఆదివారాలు: తొమ్మిది, తొమ్మిది పాయింటు మూడు, తొమ్మిది పాయింటు నాలుగు" అని చదివాను. "ఈ కరెంటుతో కాలనీలో అరవై ఇండ్లు నీళ్ళు తాగినాయి. అందులో మా ఇల్లొకటి."

"టైమయిందమ్మా" అన్నారు సార్.

"ఇంగ రెండు మాటలు సార్."

"మైకు ఆపండి ఎవరన్నా."

మైకు ఆగిపోయింది.

"పర్లేదు సార్. ఆ కరెంటు గూడా మిగుల్తాది" అన్నాను. ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. గొంతెత్తి అరిచాను. ఒక రోజు ఖాళీ ఫ్యాన్లు ఎంత తింటాయో, వారం నీళ్ళు ఎంత తాగుతాయో చెప్పాను. తర్వాత అసలు మాట చెప్పాను. "దొంగ అని బోర్డు మీద రాసింది నేనే. అడగకుండా రాసినా. తప్పు నాది. యల్లక్క దొంగ కాదు. పైపు తెగితే ఎవురూ పట్టించుకోకుంటే, ఆమె గేటు తీసింది. ఆమెను పనిలోంచి తీసేసినారు. ఆదివారాల కాడ సున్నా పెట్టమన్నారు. నేను పెట్టను."

మాట అయిపోయినా స్టేజీ దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కనివ్వరు.

మొదట లేచింది మా అమ్మ. వారం రోజులుగా నాతో మాట్లాడని మా అమ్మ.

"మా పిల్ల చెప్పింది నిజమా కాదా సార్? అది చెప్పండి ముందు."

తర్వాత కాలనీ అంతా లేచింది. లక్ష్మన్న చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"వారానికి తొమ్మిది యూనిట్లేనా పాపా?"

"అంతే. కావాలంటే మీరే మీటరు చూడండి."

"ఏంది సార్ ఇది? దానికి తాళమా?" అన్నాడు సార్ వైపు తిరిగి.

"నేనేం నీళ్ళు వద్దన్నానా?" సార్ మొహం ఎర్రబడింది. "రేపు పైనుంచి అడిగితే ఏం కాగితం చూపించాల? తీర్మానం ఉండాదా? సంతకం ఉండాదా? అందరూ మంచోల్లు, ఇరుక్కునేది నేను!"

"రాసిస్తే తీస్తారా?"

"రాసిస్తే... నాకేం అడ్డం?"

మాట ఆయన నోట్లోంచి వచ్చీ రాకముందే పద్మ టీచర్ పెన్ను, కాగితం తీసుకుని స్టేజీ ఎక్కారు. కాలనీ పైపు బాగయ్యేదాకా ఆదివారం మూడు గంటలు నీళ్ళు, మోటారు బాధ్యత తిరిగి పనిలోకి వచ్చే యల్లమ్మది, రీడింగు రాసే బాధ్యత ఎనర్జీ క్లబ్బుది. లక్ష్మన్న సంతకం పెట్టాడు. తర్వాత సంతకాలు, వేలిముద్రలు, కాగితం వెనుక వైపు కూడా నిండిపోయాయి. యల్లక్క అందరికంటే చివర వచ్చి వేలిముద్ర వేసింది. నా పక్క నుంచే వెళ్ళింది. నా వైపు చూడలేదు.

అందరూ నా భుజం తట్టారు. నేను ఆమె ఒక్కతే తడుతుందేమోనని చూశాను.

డిసెంబరు 6, శనివారం

ధర్మవరానికి పదో తరగతి బాలాజిని పంపుతారట. ఆదివారాలు లేని చార్టుతో. నాకేం బాధ లేదు. ధర్మవరంలో చూసేదేముంది, చీరలు. నాకేం బాధ లేదు.

డిసెంబరు 7, ఆదివారం

బాధగానే ఉంది. రాత్రంతా ఏడ్చాను, దిండు తడిసింది. నెల రోజులు నేను ఫ్యాన్ల వెంట తిరిగితే వాడు వెళ్ళి నిలబడతాడా? సున్నాలు పెట్టి ఉంటే ఆ బస్సులో నేనుండేదాన్ని. పెట్టలేదు. మళ్ళీ అడిగినా పెట్టను.

మోటారు వేశారు. అవ్వ రెండు నెలల తర్వాత చర్చికి వెళ్ళింది, వాచిన మోకాళ్ళతోనే. పది బిందెలూ నేనే మోశాను. మెడ పట్టేసింది. అవ్వ వారం వారం దీన్ని ఎలా మోసిందో నాకు అర్థం కాలేదు.

డిసెంబరు 14, ఆదివారం

ఈ రోజు దేశమంతా ఇంధన పొదుపు దినమట. నిన్న స్కూలు అసెంబ్లీలో ప్రతిజ్ఞ చేయించారు. కరెంటు ఆదా చేస్తామని అందరితో పాటు నేనూ చెయ్యి చాపి గట్టిగా చెప్పాను.

ఉదయం ఏడింటికి మీటరు ముందు నిలబడ్డాను. మొదటి అంకె రాశాను. వీరేష్ పైపు లాగాడు. వాడికి కాలనీలో ఏం పనో, పిలవకుండానే వచ్చాడు. పదింటికి ఆఖరి బిందె నిండింది. యల్లక్క మోటారు ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చి నిలబడింది. రెండు వారాల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఎంత కాలిందో చూడు మేయ్. సరిగ్గా రాయి."

రెండు చుట్లు చూశాను. తొమ్మిది పాయింటు ఆరు. ఎవరి పేరన రాయాలని అడిగాను. "నా పేరన్నే రాయి" అంది. ఆదివారం, యల్లమ్మ, కాలనీ నీళ్ళు, 9.6 అని రాసి చూపించాను. చదవడం రాదు గాని, ఆ వరస మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

పోయిన వారం కంటే రెండు పాయింట్లు ఎక్కువ. సోమవారం నుంచి శనివారం దాకా ఎంతైనా తగ్గిస్తాను, హిందీ సారు నిద్రతో సహా. ఇది మాత్రం తగ్గనివ్వను.